తెప్ప నుంచి కయాక్ దాకా: తెలుగు తీరంలో చిన్నపడవ ప్రయాణం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

సముద్రయాన చరిత్రలు ఎక్కువగా ఓడలను, ఓడరేవులను, వర్తక సంస్థలను కేంద్రంగా చేసుకొని సాగాయి. ఓడకూ ఒడ్డుకూ మధ్యనున్న కెరటాల నీటిని దాటించిన చిన్న పడవలకు, వాటిని నడిపినవారికి ఆ చరిత్రల్లో దక్కిన చోటు స్వల్పం. తెలుగు తీరంలోని తెప్ప, మసూలా పడవల నిర్మాణాన్ని, వాటిపై సాగిన ప్రయాణాలను, నేటి విహార సాధనమైన కయాక్‌తో వాటికున్న పోలికలను, భేదాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కయాక్ వల్ల తెడ్డు యాత్రికుని చేతికి వచ్చినా, నీటిని చదివే జ్ఞానం తీరవాసుల దగ్గరే ఉందని, దానిని వృత్తిజ్ఞానంగా గుర్తించి నమోదు చేయవలసి ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తెప్ప, మసూలా పడవ, కయాక్, తీరప్రయాణం, వృత్తిజ్ఞానం, మచిలీపట్నం, కోరంగి.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు ఐటీ కారిడార్‌కు వాయవ్యంగా ఉన్న మదీనాగూడ మీదుగా సాగే జాతీయ రహదారి 65 పుణెలో మొదలై, షోలాపూర్, హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడలను కలుపుతూ మచిలీపట్నంలో ముగుస్తుంది. నేడు ఈ రహదారి ఉద్యోగుల రాకపోకలకు, నివాస సముదాయాల విస్తరణకు ప్రసిద్ధం. అయితే హైదరాబాదును మచిలీపట్నంతో కలిపే దారికి గోల్కొండ రాజ్యకాలంలో మరొక ప్రాధాన్యం ఉండేది. కుతుబ్‌షాహీల ప్రధాన ఓడరేవు మచిలీపట్నమే. పర్షియాకు వెళ్లే అద్దకపు వస్త్రాలు, అక్కడినుంచి వచ్చే గుర్రాలు, వర్తకులు, యాత్రికులు ఈ దారినే ఆశ్రయించారు. ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 1652లో పర్షియా తీరంలోని బందర్ అబ్బాస్ నుంచి గోల్కొండ సుల్తానుకు చెందిన ఓడలోనే మచిలీపట్నానికి చేరుకున్నాడు.

దారి మచిలీపట్నంలో ముగిసినా ప్రయాణం అక్కడ ముగిసేది కాదు. తీరం మెరక. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక దూరంగా లంగరు వేసేవి. ఓడనుంచి ఒడ్డుకు, ఒడ్డునుంచి ఓడకు మనుషులనూ సరుకులనూ చేర్చినవి చిన్న పడవలు. ఆ కొద్దిపాటి దూరం వేల మైళ్ల ప్రయాణంలో లెక్కకు రానిదిగా కనిపిస్తుంది. కాని సరుకు తడిసినా, ప్రాణం పోయినా ఎక్కువగా అక్కడే. యాత్రాగ్రంథాలు, కంపెనీ ఉత్తరాలు ఆ పడవలను వింతగా వర్ణించి వదిలేశాయి. వాటిని నడిపినవారి నైపుణ్యం వర్ణనలో భాగమైందే తప్ప చరిత్రలో భాగం కాలేదు.

నేడు ఉష్ణమండల దీవుల మధ్య, సముద్రతీరాల వెంట కయాక్‌పై తిరగడం ఒక విహారంగా స్థిరపడింది. కయాక్ అంటే రెండువైపులా ఆకులున్న తెడ్డుతో ఒకరు లేదా ఇద్దరు కూర్చొని నడిపే సన్నని పడవ. ఐటీ ఉద్యోగాలతో పెరిగిన విహార సంస్కృతి దీనిని తెలుగువారికి కూడా పరిచయం చేసింది. ఈ కొత్త పడవ ప్రవేశించిన నీటికి పాత చరిత్ర ఉంది. ఆ చరిత్రను కయాక్ పక్కన నిలిపి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఇనుము లేని పడవలు

తెలుగు తీరపు సంప్రదాయిక పడవలలో రెండు రకాలు ఈ చర్చకు ముఖ్యం. మొదటిది తెప్ప. తేలికైన కర్రదుంగలను పక్కపక్కన చేర్చి కట్టే ఈ సాధనానికి తమిళంలో కట్టుమరం అని పేరు. ఆంగ్లంలో స్థిరపడిన కాటమరాన్ అనే మాటకు మూలం అదే. కోరమాండల్ దక్షిణ భాగంలో దుంగలను తాళ్లతో కట్టి బిగించడం వాడుక. ఉత్తరాంధ్ర తీరంలో దుంగలను కర్రచీలలతో బిగించి, కుడి ఎడమ భాగాలుగా తయారుచేసి, సముద్రంలోకి దిగే ముందు ఆ రెండింటినీ తాళ్లతో కలిపేవారు. ఒడ్డు చేరాక విడదీసి ఆరబెట్టేవారు. తడిసిన కర్ర బరువెక్కి తేలే గుణాన్ని కోల్పోతుంది కాబట్టి ఆరబెట్టడం నిర్మాణంలో భాగమే.

రెండవది మసూలా పడవ. వెడల్పైన పలుచని పలకలను కొబ్బరిపీచు తాడుతో కుట్టి, అతుకుల మధ్య గడ్డి లేదా పీచు కూరి దీనిని తయారుచేసేవారు. లోపల పక్కటెముకల వంటి గట్టి చట్రం ఉండదు. అడుగు చదునుగా, పక్కలు ఎత్తుగా ఉంటాయి. పొడవైన తెడ్లతో పలువురు నడుపుతుండగా, వెనుక నిలబడినవాడు దిశను నిర్ణయిస్తాడు. కుట్ల సందుల్లోంచి నీరు ఊరుతూనే ఉంటుంది కాబట్టి తోడిపోయడానికి ఒక మనిషి అవసరం. ఈ పేరు మచిలీపట్నం పేరునుంచే వచ్చిందన్న అభిప్రాయం ఉన్నా, దాని వ్యుత్పత్తిపై పండితులలో ఏకాభిప్రాయం లేదు.

1669–1679 మధ్య బంగాళాఖాత తీరాలలో తిరిగిన ఆంగ్ల నావికుడు థామస్ బౌరీ ఈ రెండు పడవలనూ వర్ణించాడు. పలుచని పలకలు, పీచుకుట్లు, చట్రం లేకపోవడం ఆయనకు ఆకారం చెడిన నిర్మాణంగా కనిపించాయి. అయితే ఆ లోపంగా తోచినదే దాని బలం. కెరటం ఇసుకకేసి కొట్టినప్పుడు మేకులతో బిగించిన గట్టి పడవ పగులుతుంది. కుట్టిన పడవ వంగి, దెబ్బను పంచుకొని, మళ్లీ తన ఆకారానికి వస్తుంది. తెప్ప మరొక మార్గాన్ని అనుసరించింది. దానిలో నీరు నిలవడానికి చోటే లేదు. మీదికి వచ్చిన నీరు దుంగల సందుల్లోంచి జారిపోతుంది. తిరగబడితే మళ్లీ సరిచేసుకొని ఎక్కవచ్చు.

1697లో వెలువడిన విలియం డాంపియర్ యాత్రాగ్రంథం కోరమాండల్ తీరంలో ఒకటి రెండు దుంగలతో చేసిన, ఒక్క మనిషి మాత్రమే కూర్చోగల చిన్న కాటమరాన్‌ను పేర్కొంది. దానిపై కూర్చున్నవాని కాళ్లు, నడుము ఎప్పుడూ నీటిలోనే ఉంటాయని డాంపియర్ గమనించాడు. నేడు తీరవిహార కేంద్రాల్లో అద్దెకిచ్చే, పైన కూర్చొని నడిపే ప్లాస్టిక్ కయాక్‌లో కూడా నీరు నిలవదు. దాని రంధ్రాల గుండా దిగిపోతుంది. రెండూ ఒకే సమస్యకు వేర్వేరు కాలాల్లో దొరికిన సమాధానాలు.

3. శాసనాలలో, యాత్రాగ్రంథాలలో తీరం

క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికగ్రంథం పెరిప్లస్, కృష్ణా ముఖద్వార ప్రాంతమైన మసాలియాను సన్నని వస్త్రాలకు ప్రసిద్ధమైన ప్రదేశంగా పేర్కొంది. తూర్పు తీరపు రేవుల ప్రసక్తిలో దుంగపడవలను జతకట్టి చేసిన పెద్ద నావలను సంగర అనే పేరుతో చెప్పింది. ఈ మాటను సంస్కృత సంఘాట శబ్దంతో, మలయాళ చంగాడంతో ముడిపెట్టిన పండితులున్నారు. శాతవాహనుల నాణేలపై రెండు తెరచాప స్తంభాల ఓడ కనిపిస్తుంది. రాజముద్రకు ఎక్కిన గౌరవం ఓడకు దక్కింది. తెప్పకు దక్కలేదు.

కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన మోటుపల్లి అభయశాసనం సముద్రప్రయాణంలోని ప్రమాదాన్ని పాలనా విషయంగా గుర్తించిన అరుదైన పత్రం. తుపానులకు చిక్కి తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు నిర్ణీత సుంకం మాత్రమే తీసుకొని మిగిలినది వర్తకులకే వదిలేస్తానని హామీ ఇచ్చాడు. ఆ అభయం సరుకు యజమానులకు దక్కింది. ఆ సరుకును కెరటాల మీదుగా మోసినవారి ప్రాణానికి సంబంధించిన మాట అందులో లేదు.

తెలుగు యాత్రాసాహిత్యంలోనూ ఇదే ఖాళీ కనిపిస్తుంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిన కాశీయాత్ర తెలుగులో యాత్రాచరిత్రకు ఆద్యగ్రంథంగా నిలిచింది. గంగానదిపై ఆయన పడవలో ప్రయాణించాడు. తిరుగు ప్రయాణంలో తూర్పు తీరపు ఊళ్లను దాటి వచ్చింది మాత్రం నేలబాటన. తీరాన్ని చూసిన మొదటి తెలుగు యాత్రికుని చూపు రహదారి వైపు నుంచి ప్రసరించింది. సముద్రం వైపు నుంచి తీరాన్ని రోజూ చూసినవారు గ్రంథాలు వ్రాయలేదు. ఈ అసమానత వల్లే మనకు తీరపు ఊళ్ల వర్ణన ఉంది, తీరపు నీటి వర్ణన లేదు.

4. కెరటాల పట్టె: ఒక జ్ఞానవ్యవస్థ

సముద్రపు అల తన ఎత్తుకు సుమారు ఒకటింబావు రెట్ల లోతుకు నీరు తగ్గినచోట విరుగుతుంది. తెలుగు తీరం చాలాచోట్ల తెరిచి ఉన్న ఇసుకతీరం కాబట్టి, ఒడ్డుకు సమాంతరంగా ఈ విరిగే కెరటాల పట్టె ఏర్పడుతుంది. అలలన్నీ ఒకే ఎత్తున రావు. పెద్ద అలలు గుంపులుగా వస్తాయి, మధ్యలో కొంత నెమ్మది ఉంటుంది. పట్టెకు అవతల పడవను నిలిపి, ఆ నెమ్మది కోసం వేచి, పెద్ద అల వీపు వెంట వేగంగా తెడ్డు వేసి ఒడ్డు చేరడం మసూలా నడిపేవారి పద్ధతి. పడవ అలకు అడ్డం తిరిగితే బోల్తా పడుతుంది. కాబట్టి వెనుక నిలబడినవాని మాటకు మిగిలినవారి చేతులు ఒక్కసారిగా స్పందించాలి.

నేడు సముద్ర కయాకింగ్ శిక్షణలో మొదటి పాఠాలు ఇవే. అలలను లెక్కపెట్టడం, నెమ్మది కోసం ఆగడం, పడవ ముక్కును అలకు ఎదురుగా ఉంచడం, అడ్డం తిరిగితే అలవైపుకే ఒరగడం. శిక్షణ పుస్తకాలు వీటిని సూత్రాలుగా బోధిస్తాయి. తీరంలో ఇవి తండ్రి వెంట తెప్పపై వెళ్లిన పిల్లవాని శరీరానికి అలవడ్డాయి. వాడబలిజ, జాలారి వంటి తీరవృత్తుల వారిని 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథం కులాల జాబితాలో చేర్చి, వారి ఆచారాలను వివరించింది. వారి నీటి చదువు మానవశాస్త్రానికి కాకుండా నౌకాశాస్త్రానికి చెందిన విషయమన్న స్పృహ ఆ కాలపు గ్రంథాలలో అరుదు. జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల నిర్మాణంపై ప్రచురించిన అధ్యయనం ఈ లోటును కొంత పూరించింది.

ఈ జ్ఞానానికి ఆనాటి పాలకులు విలువ కట్టకపోలేదు. మద్రాసులో ప్రయాణికులున్న మసూలా పడవ వెంట తెప్పవాళ్లు తోడుగా సాగి, పడవ బోల్తాపడితే నీటిలో పడినవారిని రక్షించేవారు. అలా ప్రాణాలు కాపాడినవారికి ఈస్టిండియా కంపెనీ పతకాలు ఇచ్చేది. కెరటాలు ఉద్ధృతంగా ఉండి మరే పడవా కదలలేని రోజుల్లో ఓడకు పంపవలసిన ఉత్తరాలను కోసుటోపీలో దాచి, తడవకుండా తెప్పపై చేరవేసినవారు వారే. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే అక్టోబరు నాటికి ఓడలు కోరమాండల్ రేవులను విడిచి వెళ్లవలసి వచ్చేది. తీరవాసులకు విడిచి వెళ్లే వీలు లేదు. వారి జ్ఞానం ఆ నిర్బంధంలోంచి పదునెక్కింది.

5. కోరంగీల తొలి సముద్రం

తెలుగు సామాన్యునికి సముద్రప్రయాణం అనుభవమైంది ప్రధానంగా బర్మా వలసలతో. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల నుంచి గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల కూలీలు వేల సంఖ్యలో రంగూన్‌కు వెళ్లారు. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవు పేరుమీద వారిని బర్మాలో కోరంగీలు అని పిలిచారు. 1789, 1839 సంవత్సరాల తుపాను ఉప్పెనలకు కోరంగి రేవు దెబ్బతిన్నా, ఆ పేరు మనుషులపై మిగిలిపోయింది.

కళింగపట్నం, భీమునిపట్నం వంటి తెరిచిన రేవులలో ఆవిరి ఓడలు దూరంగా నిలిచేవి. రంగూన్ ప్రయాణికుని తొలి సముద్రానుభవం ఓడ కాదు, ఓడకు చేర్చే పడవ. ఆ పడవలో కూర్చున్న కూలీ, తెడ్డు వేస్తున్న మత్స్యకారుడు, ఇద్దరూ శ్రమజీవులే. ఒకరు సముద్రాన్ని భయంతో దాటుతున్నారు, మరొకరు వృత్తిగా దాటిస్తున్నారు. ప్రయాణంలో ఆనందం అనే భావనకు ఆ ఇద్దరి దగ్గరా చోటు తక్కువ.

1933లో విశాఖపట్నం ఓడరేవు ప్రారంభమై, ఓడ నేరుగా గట్టుకు ఆనుకోవడం సాధ్యమయ్యాక, కెరటాల పట్టెను దాటించే పనికి అవసరం క్రమంగా తగ్గింది. పడవవాని చేతిలో ఉన్న చివరి మైలు నౌకాశ్రయ నిర్మాణంలో కలిసిపోయింది.

6. కయాక్: వేటనుంచి విహారానికి

కయాక్ ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ ప్రజల వేటపడవ. కొట్టుకొచ్చిన కర్రతోనో ఎముకతోనో చట్రం చేసి, దానిపై సీలు చర్మాన్ని కుట్టి బిగించేవారు. వేటగాని శరీరపు కొలతలే పడవ కొలతలు. మసూలా వలె ఇదీ కుట్టుపడవే. ఇనుముపై ఆధారపడకుండా, నీటి దెబ్బకు వంగే గుణాన్ని నమ్ముకున్నదే. మంచుసముద్రంలో శరీరాన్ని నీటికి దూరంగా ఉంచాలి కాబట్టి పైభాగం మూసి ఉంటుంది. ఉష్ణసముద్రంలో ఆ అవసరం లేక తెప్ప తెరిచి ఉంది. వాతావరణమే రెండింటి భేదాన్ని నిర్ణయించింది.

స్కాట్లండ్‌కు చెందిన జాన్ మాక్‌గ్రెగర్ 1865లో ఆ నమూనాపై రాబ్ రాయ్ అనే చిన్న పడవను నిర్మించుకొని యూరప్ నదులలో తిరిగి, మరుసటి ఏడు తన యాత్రను గ్రంథంగా ప్రచురించాడు. వేటసాధనం విహారసాధనంగా మారిన ఘట్టం ఇది. 20వ శతాబ్దం మొదట్లో జర్మనీలో తయారైన మడతపెట్టే కయాక్ దానిని రైలులో తీసుకెళ్లగలిగే వస్తువుగా మార్చింది.

అలాంటి మడత కయాక్‌లోనే జర్మన్ యువకుడు ఆస్కర్ స్పెక్ 1932లో ఉల్మ్ నగరం నుంచి డాన్యూబ్ నదిపై బయలుదేరాడు. ఆర్థికమాంద్యంలో ఉపాధి పోయిన విద్యుత్ పనివాడతడు. సైప్రస్ రాగిగనులలో పని వెతుక్కోవడం తొలి ఉద్దేశం. అది క్రమంగా పర్షియా అఖాతం, భారత తీరం, సిలోన్, బర్మా, డచ్చి ఈస్టిండీస్ దీవుల మీదుగా సాగిన ఏడేళ్ల యాత్రగా మారింది. 1939 సెప్టెంబరులో ఆస్ట్రేలియాకు చెందిన సైబాయ్ దీవిని చేరేసరికి యుద్ధం మొదలైంది. శత్రుదేశీయుడిగా నిర్బంధించి, యుద్ధం ముగిసేదాకా శిబిరంలో ఉంచారు. సుమారు 50,000 కిలోమీటర్ల ఈ యాత్ర సముద్ర కయాకింగ్ చరిత్రలో ప్రసిద్ధం.

తెలుగు చరిత్రకారునికి ఇందులో ముఖ్యమైనది ఒక భాగం. 1930ల మధ్యకాలంలో, విశాఖ ఓడరేవు ప్రారంభమైన కొద్ది సంవత్సరాలకే, స్పెక్ మద్రాసు నుంచి కలకత్తా వైపు తూర్పు తీరం వెంట సాగాడు. ఆ దారిలో ప్రధాన భాగం తెలుగు తీరం. చాలాకాలం 974 కిలోమీటర్లుగా లెక్కించిన తీరమది. తెప్పలు రోజూ తిరిగే నీటిలో యూరప్ యాత్రికుడొకడు తన తెడ్డు తానే వేసుకుంటూ వెళ్లాడు. టావెర్నియే, బౌరీల కాలంలో యాత్రికుడు పడవలో కూర్చునే బరువు. స్పెక్ కాలానికి అతడే పడవవాడు. యాత్రికునికీ నావికునికీ మధ్యనున్న విభజన ఒకే మనిషిలో చెరిగిపోయింది. ప్రపంచ కయాకింగ్ చరిత్ర స్పెక్ పేరును భద్రపరిచింది. అదే కెరటాలను ప్రతి ఉదయం దాటినవారి పేర్లు ఏ చరిత్రా భద్రపరచలేదు.

7. దీవులు, చెరువులు: వర్తమానం

తెలుగు తీరంలో దీవులు తక్కువే అయినా ఉన్నాయి. కాకినాడకు ఎదురుగా ఇసుకమేటగా పెరిగిన హోప్ ఐలాండ్ ఆ రేవుకు సహజమైన అడ్డుకట్ట. దాని వెనుక కోరంగి మడ అడవుల పాయలున్నాయి. పులికాట్ సరస్సులోని ఇరకం దీవి వాసులకు పడవ నిత్యజీవిత సాధనం. అండమాన్ దీవులలో 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలనుంచి వెళ్లిన మత్స్యకారులు వారిలో ఉన్నారు. నికోబారు ప్రజలకు పక్కతేలుడు అమర్చిన హోడీ అనే పడవ సంప్రదాయం సొంతంగా ఉంది. నేడు స్వరాజ్ ద్వీప్ మడ అడవుల్లో కయాక్ నడిపే పర్యాటకుడు ప్రవేశించేది ఇలాంటి బహుళ పడవ సంస్కృతుల నీటిలోకే.

హైదరాబాదువాసికి కయాక్ మొదట పరిచయమయ్యేది సముద్రంలో కాదు, వికారాబాదు జిల్లాలోని కోట్‌పల్లి జలాశయం వంటి నిశ్చలజలాలలో. ఆ నీటికి పోటు లేదు, విరిగే అల లేదు. అక్కడ నేర్చిన తెడ్డు ఆత్మవిశ్వాసాన్ని ఇస్తుంది. రుషికొండ కెరటాల ముందు ఆ విశ్వాసం ఒక్కటే చాలదు. నగర చెరువుల్లో థర్మాకోల్ దిమ్మెలపై కూర్చొని వల వేసే మత్స్యకారులు తెప్ప సూత్రాన్ని తమకు దొరికిన పదార్థంతో కొనసాగిస్తున్నారు. విహారపడవ పక్కనే సాగే ఆ దృశ్యాన్ని పేదరికపు చిహ్నంగా చూడటమే అలవాటు. పడవ చరిత్ర దృష్టితో చూస్తే అది ఒక పరంపర.

సముద్రతీరంలో పరిస్థితి వేగంగా మారింది. 1979లో మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ బంగాళాఖాత కార్యక్రమం తూర్పు తీరంలో కొత్తరకపు పడవలను పరీక్షించింది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన, 2004 డిసెంబరు 26 సునామీ పాత పడవలను పెద్దఎత్తున నాశనం చేశాయి. సునామీ తరువాతి సహాయ కార్యక్రమాలు ఫైబర్ పడవల వ్యాప్తిని పెంచాయి. ఇంజను వచ్చాక శ్రమ తగ్గింది, దూరం పెరిగింది. ఈ మార్పును తీరవాసులు కోరుకున్నారు, అది వారి హక్కు. దానితోపాటు తెడ్డుతో కెరటాన్ని దాటే విద్య ఒక తరానికి పరిమితమయ్యే స్థితి ఏర్పడింది.

8. ఉపసంహారం

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, తెప్ప, మసూలాల నిర్మాణం తీరపు కెరటాలకు తగినట్లు రూపొందిన పరిణత సాంకేతికత. యాత్రికుల వర్ణనల్లో కనిపించే వికారత్వం చూసినవారి అలవాటుకు సంబంధించినది. రెండవది, కయాక్ వల్ల యాత్రికుడు మొదటిసారి తీరవాసి శరీరస్థితిలో, అదే ఎత్తులో, అదే నీటిలో కూర్చున్నాడు. ఓడపైనుంచి చూసినవానికి వింతగా తోచిన నైపుణ్యం, తెడ్డు పట్టినవానికి అవసరంగా అర్థమవుతుంది. మూడవది, తెడ్డు చేతులు మారినంత సులభంగా జ్ఞానం చేతులు మారదు. తీరవిహార కేంద్రాలు మత్స్యకార యువకులను పడవలు మోసేవారిగా, కాపలాదారులుగా నియమిస్తే వారి విద్య కూలీగా మిగులుతుంది. గురువులుగా నియమిస్తే అది విద్యగా నిలుస్తుంది.

పరిశోధకులు చేయవలసిన పని కూడా ఇక్కడే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తి పదకోశాల పద్ధతి, పరిశోధకుణ్ణి వృత్తికారుని ఇంటికి పంపింది. పడవ విషయంలో వస్తువుల పేర్లు సేకరిస్తే సరిపోదు. ఏ అలను వదలాలి, ఏ అల వెంట కదలాలి, ఏ గాలికి తెప్ప దించకూడదు అన్న నిర్ణయాలను, వాటిని వ్యక్తం చేసే క్రియలను, కేకలను దృశ్యశ్రవణ రూపంలో నమోదు చేయాలి. రాతి శాసనం, రాగిరేకు కొన్ని శతాబ్దాలు వేచి ఉండగలవు. తెడ్డుతో కెరటాలు దాటిన పెద్దలు భీమునిపట్నంలోనూ, కళింగపట్నంలోనూ ఇంకా ఉన్నప్పుడే ఈ పని జరగాలి.